కన్నులు మూసికొన్న తరగతి

మంగళగిరిలో నేతగాని మగ్గము గుంట ప్రక్కన కొంతసేపు నిలిచి చూచినచో ఏకాగ్రత యననేమో వేరుగా చెప్పనక్కరలేదు. నాడె అటునిటు పరుగిడుచుండగా, వందలకొలది పడుగుపోగులలో ఒక్కటి తెగినను అతని కన్ను పట్టుకొనును. అతడు తన శ్వాసను గమనించుటలేదు, బట్టను గమనించుచున్నాడు. ప్రాథమిక పాఠశాలలలో ‘మైండ్‌ఫుల్‌నెస్’, అనగా సావధానత, పేరుతో చేయించు అభ్యాసములను పరిశీలించునపుడు ఈ భేదమును మరువరాదు.

ఈ పద్ధతికి మూలము బౌద్ధుల ధ్యానమార్గములోని స్మృతి. అమరావతి స్తూపమునకు చేరువనున్న మంగళగిరివారికి ఇది మరీ పరాయి సరకు కాదు. అయితే దాని నేటి రూపమును 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలపు నొప్పులతో బాధపడు రోగులకై కూర్చెను. పెద్దలకై పుట్టినది క్రమముగా బడికి వచ్చినది. 2018 జూలైలో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో నర్సరీ మొదలు ఎనిమిదవ తరగతి వరకు ‘హ్యాపీనెస్ కరిక్యులం’ ప్రారంభమైనది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లోను ‘ఆనంద వేదిక’ పేర అట్టి కార్యక్రమమును ప్రవేశపెట్టిరి. కథలు, కృత్యములు, పిల్లలు తమ మనసులోని మాట చెప్పుట, వీటితోపాటు శ్వాసను గమనించుటయు అందొక భాగము.

శ్వాసాభ్యాసము వట్టి నమ్మకము కాదు. దీనిని తరగతిలోనే చూపవచ్చును. విద్యార్థి తన మణికట్టు నాడిపై రెండు వ్రేళ్లుంచి నెమ్మదిగా, దీర్ఘముగా ఊపిరి తీయవలెను. గాలి పీల్చునపుడు నాడి కొంచెము త్వరపడును; విడుచునపుడు నెమ్మదించును. మెదడునుండి గుండెకు వచ్చు వేగస్ నరము గుండె వేగమునకు కళ్లెము వంటిది. పీల్చునపుడు ఆ కళ్లెము సడలును, విడుచునపుడు బిగియును. చిన్నవయసువారిలో ఇది స్పష్టముగా తెలియును. భయముతో గుండె దడదడలాడు బాలునికి నాలుగైదు దీర్ఘ నిశ్వాసములు ఊరట నిచ్చుటలో వింత లేదు.

చిక్కంతయు ఈ చిన్న సత్యముపై పెద్ద మేడ కట్టుటలో నున్నది. బ్రిటనులో ‘మిరియడ్’ అను పరిశోధనలో 80కి పైగా పాఠశాలలను, 8,000కు పైగా విద్యార్థులను తీసికొని, సావధానత పాఠములు చెప్పిన బడులను మామూలుగా నడచిన బడులతో పోల్చిరి. 2022లో వెలువడిన ఫలితములలో పిల్లల మనోవ్యాకులత విషయమున చెప్పుకోదగిన భేదము కానరాలేదు. మేలు కొంత కనబడినది ఉపాధ్యాయులలో! ఆ పిల్లలు 11 ఏండ్లు నిండినవారు గనుక ఆరేండ్లవారికి ఈ ఫలితమును యథాతథముగా అన్వయింపరాదు. కాని తన్నుతాను అదుపులో నుంచుకొను శక్తికి ఆధారమైన మెదడు ముందుభాగము ఇరువది యేండ్లు దాటిన పిమ్మటగాని పూర్తిగా పరిపక్వము కాదు. పెద్దపిల్లలకే పట్టుబడనిది చిన్నవారికి పట్టుబడునన్నచో గట్టి ఆధారము చూపవలెను.

రెండవ తరగతి పిల్ల ఏడ్చుచున్నదనుకొనుడు. ఉదయము తినకుండ వచ్చినదేమో. నేతపని సాగక ఇంటిలో తగవు జరిగినదేమో. నిన్న ఎక్కము తప్పినందుకు దెబ్బ తిన్నదేమో. ‘కన్నులు మూసికొని ఊపిరి చూడుము’ అన్నచో ఏడుపు ఆగవచ్చును. ఆగినది ఏడుపేగాని దాని కారణము కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. అయినను బల్లపై బెత్తమున్న తరగతిలో కన్నులు మూయుమనుట పిల్లకు విశ్రాంతి కాదు, మరొక భయము.

ఇట్టి కార్యక్రమములలో నిజమైన విలువ కథ ముగిసిన పిమ్మట పిల్ల నోరు విప్పు సమయమునకు కలదు. 2011లో ప్రకటితమైన ఒక సమీక్ష 213 కార్యక్రమములను పరిశీలించి, భావములను గుర్తించుట, తోటివారితో మెలగుట నేర్పినచోట పిల్లల ప్రవర్తనయు చదువును మెరుగుపడినట్లు తేల్చినది. కాని కాలము చాలనపుడు మొదట కోతపడు ప్రమాదము ఆ మాటలకే. కన్నులు మూయించుట సులభము. నిశ్శబ్దము తనిఖీకి వచ్చినవారికి ముచ్చటగా నుండును.

సావధానతకు వస్తువొకటి కావలెను. మంగళగిరి బడిలో నిజాం అంచు చీర ముక్క నొకదానిని చేతికిచ్చి, అంచునగల చిన్న గోపురములను లెక్కింపుమన్నచో ఆరేండ్ల పిల్ల కన్నులు తెరచియే కదలక కూర్చుండును. తరువాత తాను చూచినది చెప్పును. ఆ చీరను ఎవరు నేసిరో, ఇంటిలో మగ్గము ఆడుచున్నదో లేదో ఆ మాటలలోనే బయటపడును.