ముందుమాట: ఉమ్మడి సొత్తు, అప్పగింత ధర్మం

సొంత వస్తువుకు మమకారమే కావలి. పదిమంది చేతులు మారే వస్తువుకు మాత్రం సక్రమమైన వ్యవస్థ తప్ప వేరే కావలి లేదు. ఈ సత్యాన్ని చక్కగా ఎరిగినవాడు గనుకనే కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో కోశాధికారియైన సన్నిధాతకూ, కోష్ఠాగారాధ్యక్షునికీ, ఆయుధాగారాధ్యక్షునికీ వేర్వేరుగా విధులు నిర్దేశించి, రాజధనం అపహరణకు లోనయ్యే మార్గాలను నలభై దాకా లెక్కించి చూపాడు. భాండాగార నిర్వహణను అంత శ్రద్ధగా చర్చించిన శాస్త్రజ్ఞుల వారసులం మనం. ఇప్పుడు అమెరికా దేశపు కర్మాగారాలూ, ఆసుపత్రులూ, గిడ్డంగులూ, కార్యాలయాలూ ఆశ్రయిస్తున్న, ఎవరు ఏది ఎప్పుడు తీసుకున్నారో, తిరిగి ఇచ్చారో తానే నమోదు చేసే స్మార్ట్ లాకర్ వ్యవస్థను గురించి తెలుగులో సమగ్రంగా వెలువడుతున్న ఈ గ్రంథానికి పీఠిక రాయమని గ్రంథకర్త కోరినప్పుడు, ఆ పరంపర కొనసాగుతున్నదన్న ఆనందంతోనే అంగీకరించాను.

ఈ వ్యవస్థను నిన్నమొన్న పుట్టిన వింతగా భావించేవారు దాని వంశక్రమాన్ని ఒకసారి పరికించాలి. అమెరికా కర్మాగారాలలో ఒకప్పుడు పనిముట్ల గది ఒకటి ఉండేది. కర్మాగారంలో పనిచేసే ప్రతి కార్మికునికీ తన సంఖ్య చెక్కిన ఇత్తడి బిళ్ళలు కొన్ని ఇచ్చేవారు. అతడు డ్రిల్లునో కొలత సాధనాన్నో తీసుకుపోయినప్పుడల్లా ఒక బిళ్ళ ఆ వస్తువు ఉండవలసిన కొక్కేనికి వేలాడేది. సాయంత్రం వేళ స్టోర్ కీపరు గోడ వంక ఒకసారి చూస్తే చాలు, ఏది ఎవరి చేతిలో ఉన్నదో బోధపడేది. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, ఏ స్థితిలో తిరిగి ఇచ్చారు అన్న మూడు ప్రశ్నలలో మొదటిదానికి మాత్రమే ఆ బిళ్ళ సమాధానం చెప్పగలిగేది. తక్కిన రెండింటికీ సమాధానం వెదకడంలోనే తరువాతి కాలపు శ్రమ అంతా గడిచిందని ఈ గ్రంథం సప్రమాణంగా నిరూపిస్తుంది.

ఆ శ్రమలో పాలుపంచుకున్నవారిని గ్రంథకర్త ఆదరంతో స్మరించారు. ప్రాచీన ఈజిప్టువాసులెరిగిన తాళపు సూత్రాన్ని 1860ల దశకంలో సంస్కరించి, జేబులో ఇమిడే చదునైన తాళంచెవిని లోకానికి ప్రసాదించిన లైనస్ యేల్ జూనియరూ, ఆయనతో చేతులు కలిపి 1868లో కనెటికట్ రాష్ట్రపు స్టామ్‌ఫర్డ్ పట్టణంలో తాళాల కర్మాగారాన్ని నెలకొల్పిన హెన్రీ టౌనూ ఇందులో ముందు వరుసలో ఆసీనులై ఉన్నారు. 1902లో ఫిలడెల్ఫియా నగరంలో హార్న్, హార్డర్ట్ అనే భాగస్వాములు తెరిచిన ఆటోమాట్ భోజనశాలను ప్రస్తావించడం రచయిత సూక్ష్మదృష్టికి తార్కాణం: నాణెం వేసి మీట తిప్పితే గాజు తలుపు తెరుచుకుని భోజనపదార్థం చేతికందేది, వెనుకవైపు నుండి వంటశాలవారు ఖాళీ అయిన గూళ్ళను నింపుతూ ఉండేవారు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఎదురుపడకుండానే అప్పగింత జరగవచ్చునని ఆ గాజు గూళ్ళు సామాన్యజనానికి అలవాటు చేశాయి.

మిన్నెసోటా రాష్ట్రంలో మిసిసిపీ తీరాన గల వినోనా పట్టణంలో 1967లో ఫాస్టెనల్ సంస్థను స్థాపించిన బాబ్ కీర్లిన్ వృత్తాంతం ఈ గ్రంథానికే అలంకారం. నట్లనూ బోల్టులనూ యంత్రాల ద్వారా అమ్మాలన్నది ఆయన తొలి సంకల్పం. కొనేవారికి కావలసిన సరకులలో చాలా భాగం యంత్రంలో ఇమడకపోవడంతో మామూలు అంగడి తెరిచి, ఆ వర్తకాన్నే మహావృక్షంగా పెంచాడు. కాలం పక్వమైన తరువాత అదే సంస్థ కర్మాగారాల లోపల నెలకొల్పిన సరకుల యంత్రాలు లక్షకు మించాయి. తాకకుండానే కార్డుతో తలుపు తెరిచే రేడియో సంకేత పద్ధతికి చార్లెస్ వాల్టన్ 1973లో పేటెంటు పొందడం, అమెజాన్ సంస్థ 2011లో పార్సిళ్ళ కోసం లాకర్లు ప్రవేశపెట్టడం ఈ కథలో తరువాతి ఘట్టాలు.

చరిత్ర చెప్పి ఊరుకున్నా ఇది మంచి పుస్తకమే అయ్యేది. అయితే దీని అసలు యోగ్యత వస్తువు తిరిగిరాకను వివరించిన అధ్యాయంలో ఉంది. గిడ్డంగిలో షిఫ్టు ముగించిన కార్మికుడు చేతి స్కానరును గూటిలో పెట్టి, చార్జింగు తీగకు తగిలించి తలుపు మూస్తాడు. తలుపు పడినట్టు తాళానికి తెలుసు. వస్తువు లోపల ఉన్నదో లేదో తాళానికి తెలియదు. అందుకే స్కానరుకు అంటించిన రేడియో బిళ్ళను గూటిలోని యాంటెన్నా చదివిన తరువాతనే అతని పేరిట ఉన్న పద్దు చెల్లుతుంది. పరికరంలో దోషమున్నదని అతడు తెరపై నొక్కితే ఆ గూడు మరొకరికి తెరుచుకోదు, మరమ్మతు చేసేవారికి కబురు వెళుతుంది; తరువాతి షిఫ్టువాడు కార్డు చూపినప్పుడు అన్నింటిలోకీ చార్జి ఎక్కువగా ఉన్న స్కానరు గూడే తెరుచుకుంటుంది. ఇత్తడి బిళ్ళ చెప్పలేని రెండు సమాధానాలూ ఇక్కడ లభిస్తున్నాయి. పార్సిళ్ళ అధ్యాయంలోనూ ఇదే నిశితత్వం కనిపిస్తుంది: బట్వాడా చేసే వ్యక్తి బార్‌కోడ్ చూపగానే తగిన పరిమాణం గల గూడు తెరుచుకోవడం, ఉద్యోగి ఫోనుకు సంకేతసంఖ్య చేరడం, ఆలస్యమైతే గుర్తుచేయడం మాత్రమే కాక, పండుగ రోజులలో గూళ్ళు నిండిపోతే ఏమి చేయాలో, కరెంటు పోయినప్పుడు అత్యవసర తాళంచెవి ఎవరి అధీనంలో ఉండాలో కూడా విచారించారు.

ఈ గ్రంథకర్త తన ఉద్యోగజీవితంలో అధికభాగం అమెరికా గిడ్డంగులలో గడిపినవారు. కనబడకుండా పోయిన ఒక పరికరం కోసం నిరపరాధి అనుమానానికి గురికావడం ఎంతటి క్షోభను కలిగిస్తుందో దగ్గరగా చూసినవారు. కనుకనే ఈ పుస్తకంలో లాకరు కేవలం నష్టనివారణ సాధనంగా దర్శనమివ్వదు. వస్తువును సరిగా తిరిగి ఇచ్చిన కార్మికుని పక్షాన పలికే సాక్షిగా దర్శనమిస్తుంది. ఈ దృక్పథాన్ని ఇంకెవరూ ఇంత స్పష్టంగా ప్రతిపాదించగా నేను చదవలేదు. యజమాని లాభం లెక్కలలో తేలుతుంది. శ్రామికుని పరువు లెక్కలకు అందదు. ఆ రెండింటికీ సమాన గౌరవమిచ్చిన రచన ఇది.

సాక్షి గూఢచారిగా మారకూడదన్న హెచ్చరికను కూడా రచయిత విస్మరించలేదు. వేలిముద్ర వంటి దేహచిహ్నాలను సేకరించే ముందు విషయం లిఖితపూర్వకంగా తెలిపి, లిఖితపూర్వకమైన సమ్మతి పొందాలని ఇల్లినాయ్ రాష్ట్రం 2008లోనే శాసనం చేసింది; కార్డుతో నెరవేరే పనికి వేలిముద్ర అడగడం ఎందుకని ఈ గ్రంథం సూటిగా ప్రశ్నిస్తుంది. వికలాంగుల హక్కులకు సంబంధించిన అమెరికా ప్రమాణాలు ప్రతి రకపు లాకర్లలోనూ కనీసం 5 శాతం, ఎంత తక్కువైనా ఒక్కటి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి అందుబాటులో ఉండాలనీ, మీటలూ తెరలూ సాధారణంగా నేల నుండి 48 అంగుళాల ఎత్తు మించరాదనీ నిర్దేశిస్తున్నాయి. ఈ నియమాలను అనుబంధంలోకి నెట్టకుండా లాకర్ల రూపకల్పనకు సంబంధించిన మొదటి పుటలలోనే నిలపడం రచయిత సంస్కారాన్ని తెలుపుతుంది.

భాష విషయంలోనూ అభినందనీయమైన వివేకం ప్రదర్శించారు. లాకరును లాకరు గానూ, స్కానరును స్కానరు గానూ ఉంచి, భావాన్ని మాత్రం తేటతెలుగు వాక్యంలో ప్రవహింపజేశారు. చిన్న కార్యాలయాలకు తగిన వ్యయప్రణాళికను మరికొంత విపులంగా చర్చించి ఉండవలసిందని నా అభిప్రాయం. మలిముద్రణలో ఆ కొరత తీరుతుందని ఆశిస్తున్నాను. అంతమాత్రాన ఈ కృషి విలువకు లోపం రాదు. అమెరికాలో వ్యాపారాలు నడుపుతున్న మన తెలుగువారికీ, హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ విశాలమైన కార్యాలయాల బాధ్యత వహిస్తున్నవారికీ ఇది నిత్యం చేతికందేచోట ఉండవలసిన పుస్తకం.

పాఠక మహాశయులకు నాది ఒక్కటే విన్నపం. లాకర్లు కొనే ఆలోచన ఉన్నవారు ముందుగా వస్తువు తిరిగిరాకను గురించిన అధ్యాయం చదవండి. ఆపైన మీ కార్యాలయంలో పదిమంది వాడే వస్తువుల పట్టిక రాసి, ప్రతిదాని ఎదుటా దాని బాగోగులు చూడవలసిన మనిషి పేరు రాయండి. పేరు లేని వస్తువు ఒక్కటైనా మిగిలితే, లాకరు కొనుగోలును వాయిదా వేసి ముందు ఆ పేరు నిర్ణయించండి.