గ్రామఫోను రికార్డులు – కీర్తనల పాఠశుద్ధి

వాక్కునకు మాతువనియు, గేయమునకు ధాతువనియు సంగీతశాస్త్రకారులు పేరు పెట్టిరి. ఈ రెంటిని గూర్చువాఁడు వాగ్గేయకారుఁడు. కర్ణాటక సంగీత విమర్శలలో ధాతువును గూర్చి, అనఁగా రాగస్వరూపము, గమకము, తాళము వీనిని గూర్చి చర్చ విరివిగాఁ గలదు. మాతువును గూర్చిన చర్చ మాత్రము ఉచ్చారణము బాగున్నదనియో, లేదనియో యొక్క మాటతో ముగియుచున్నది. త్యాగరాజస్వామి (1767–1847) కృతులలో నెక్కువ భాగము తెలుఁగు. వానిని నేఁడు సభలలోఁ బాడువారిలోఁ బెక్కండ్రకుఁ దెలుఁగు మాతృభాష కాదు. ఇట్టి స్థితిలో మాతువునకుఁ గావలి యెవరు? దీనిని గాయకులకే విడిచి పండితులు తొలఁగియుండుట తగదని నా యభిప్రాయము.

ధ్వనిముద్రణ వ్యాపారము మనదేశమున 1902 నవంబరులో మొదలైనది. గ్రామఫోను కంపెనీ పక్షమునఁ గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను ముద్రించెను. నాఁడు రికార్డులు జర్మనీలోని హనోవరున నచ్చుపడి వచ్చుచుండెను. 1908లోఁ గలకత్తాలోనే కార్ఖానా వెలసినది. పదంగుళముల రికార్డొక వైపున సుమారు మూఁడు నిమిషముల పాట పట్టును. పండ్రెండంగుళముల దానిపై నాలుగింటికిఁ గొంచెము మించి పట్టును. సభలో నరగంట నడచు కృతి యందెట్లిముడును? ఆలాపన పోయినది, నెరవు పోయినది, సంగతులు తగ్గినవి. అదియుఁ జాలనిచోఁ జరణమునకే కత్తెర పడినది. త్యాగరాజ ముద్ర సాధారణముగాఁ జరణము కడపటనే గదా యుండుట! చరణము లేని రికార్డునఁ గవి తన పేరు చెప్పుకొనుటకుఁ జోటు లేదు. అంతకంటె ముఖ్యము, వాక్యార్థము చెడును. పల్లవిలోఁ బ్రశ్న, యనుపల్లవిలో సంబోధన, చరణములో హేతువు నుంచిన కృతులు పెక్కు. హేతువును దీసివేసిన యనుమానవాక్యమును దార్కికుఁ డొప్పుకొనునా? 1948లో వచ్చిన ఎల్‌.పి. రికార్డుపై నొకవైపుననే యిరువది నిమిషములకుఁ బైఁగాఁ బట్టును. అయినను బహుచరణములు గల కృతులలో నొక్కదానినే పాడు వాడుక నేఁటికిని గలదు. దీనికంతకు రికార్డే కారణమనుట యన్యాయము; సభలోని కాలనియమమును దానికిఁ దోడైనది.

రికార్డు చేసిన పెద్ద మార్పు వేఱొకటి. పూర్వ మొక గాయకుని తప్పు ఆతని శిష్యులదాఁక వ్యాపించి, యచ్చట నాఁగెడిది. నేఁడు విద్యార్థి గురువుకడఁ బాఠ మయిన పిమ్మట నింటికిఁ బోయి రికార్డు వినును. గురువు చెప్పినది యొకటి, రికార్డులో నున్నది మఱియొకటి యయినచోఁ బ్రసిద్ధుని రికార్డే గెలుచును. కావున రికార్డును వినోదసామగ్రిగాఁ గాక, తాళపత్రప్రతివలె నొక సాక్షిగాఁ జూడవలసియున్నది. ప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయము చేయు శాస్త్రము మనకుఁ గలదు. దానిని జెవితోఁ జేయవలయును, అంతియే.

ఇందు మొదటి చిక్కు పదచ్ఛేదము. వైయాకరణుఁడు తొందరపడి ప్రతి విఱుపును దప్పనరాదు. పాట పద్యపఠనము కాదు. తాళము తన యంగముల ననుసరించి మాటను జీల్చుట కవియే యనుమతించిన సందర్భములున్నవి. “ఎందరో మహానుభావులు” అను శ్రీరాగకృతి నెత్తికొందము. మహాశబ్దముపై ననుభావశబ్దము సవర్ణదీర్ఘమున నంటుకొన్నది. రెండు పదముల సరిహద్దు “హా” యను నొక్క యచ్చులోనే దాఁగియున్నది. దానిని గత్తితోఁ గోసినట్లు విడఁదీయుట పాణినికిని శక్యము కాదు. కాని “మహాను” అని నిలిచి, యూపిరి తీసి, “భావులు” అని యెత్తికొన్నచో రెండు తునుకలును నిష్ప్రయోజనములు. స్వరము సాఁగి యక్షరములు దూరమగుట వేఱు, మాట తెగుట వేఱు. సాఁగినను శ్వాస తెగనిచో వినువాని మనస్సు మాటను గూర్చుకొనును. “మరుగేలరా” అనుచోటను నింతే. మఱుఁగు, ఏల యనునవి యుత్వసంధిచేఁ గలిసినవి గాన “మరు” అని నిలిచిన “గేలరా” యనునది యే భాష?

మఱి విఱుపు కవిదో గాయకునిదో తెలియుటెట్లు? వాలాజాపేట, ఉమయాళపురము, తిల్లస్థానము అని త్యాగరాజ శిష్యపరంపరలు మూఁడు ప్రసిద్ధములు. ఈ మూఁటఁ జేరినవారి పాటలలో నొకేచోట విఱుపున్న నది ధాతువులోనిదని తలఁచి వ్యాకరణము మౌనము వహింపవలయును. ఒక్కరి రికార్డున మాత్రమున్న నది యాతని యూపిరిదోషము. నెరవులో నిట్టి దోషము ప్రమాదకరము. ఒకే పంక్తిని బదిసారులు త్రిప్పిత్రిప్పి పాడుదురు గాన, తప్పుగాఁ దెగిన మాట పదిసారులు చెవినిబడి నిజమైన మాటవలె స్థిరపడును.

రెండవ చిక్కు చ, జ ల యుచ్చారణము. తెలుఁగుమాటలలో ఇ, ఎ లతోడి చ, జ లు తాలవ్యములనియు, అ, ఉ, ఒ లతోడివి దంత్యములనియు, సంస్కృతసమములలో నెల్లెడఁ దాలవ్యములే యనియుఁ జిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) నిరూపించెను. “చక్కని రాజమార్గము” లోని చకారము, “నిధి చాల సుఖమా” లోని చకారము దంత్యములు. తమిళగాయకులు వీనిని దాలవ్యములుగాఁ బలుకుదురు. వారిని నిందించి లాభము లేదు. తమిళలిపిలో క, ఖ, గ, ఘ ల కొక్కటే యక్షరము. కీర్తనపుస్తకములలో 1 మొదలు 4 వఱకు నంకెలు వేసి వర్గాక్షరములను సూచింతురు గాని, దంత్యచకారమున కంకెయే లేదు. మన లిపి మాత్రమేమి? ౘ, ౙ లను నిఘంటువులలో నుంచి, కీర్తనపుస్తకములలోఁ బ్రకాశకులు విడిచిరి. ఇఁక తెలుఁగువారి యపచార మింకొకటి కలదు. తప్పు దిద్దఁబోయి, సంస్కృతకృతియైన “జగదానందకారక” లోని జకారమును సైతము దంత్యముగాఁ బలుకువారిని విన్నాను. ఇది మొదటిదానికంటె హీనము, ఏలయన నియమము తెలిసినట్లు నటించుచున్నది.

మాతృభాష కాకపోవుట యడ్డంకి కాదనుటకు మధురలోఁ బుట్టిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల చాలును. అన్నమాచార్యుని మాట లామె నోటఁ దేటగా వినఁబడును. ఎట్టయపురమున సుబ్బరామదీక్షితులు 1904లోఁ బ్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శిని తెలుఁగులిపిలో నున్నదని యెందఱికిఁ దెలియును? నాఁడు తమిళదేశపు విద్వాంసులు తెలుఁగులిపి నేర్చి పాడిరి. నేఁడు రికార్డు పళ్లెములు పోయి, క్యాసెట్లు పోయి, పాట లంతర్జాలమునఁ బ్రవహించుచున్నవి. పాటల పేర్లు రోమకలిపిలో నుండును. అందుఁ దకార టకారములకు, హ్రస్వదీర్ఘములకు భేదము తఱచుగాఁ గానరాదు. ఈ దృష్టితోఁ జూడ, మూఁడు నిమిషముల రికార్డుపైఁ దెలుఁగులో నచ్చుపడిన చీటీ యెంతో మేలు.

ఉభయవిద్యలు నెఱిఁగినవారు లేకపోలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) తెలుఁగు సంస్కృతములలోఁ బండితుఁడై యన్నమాచార్య కీర్తనలకు స్వరరచన చేసెను. వైద్యుఁడైన శ్రీపాద పినాకపాణి (1913–2013) సంగీతసౌరభమున వందలకొలఁది కృతులను స్వరసహితముగా నెక్కించెను. కాని యిది యొక్కరిద్దఱి పని కాదు. ముందుగా ఘనరాగపంచరత్నములలోని నాలుగు తెలుఁగు కృతులను గైకొనవచ్చును. వీని చరణములన్నియుఁ దిరువయ్యారు ఆరాధనలో నేఁటేఁట వందలమంది గొంతుకలిపి పాడుచున్నారు గాన మాతువు సమగ్రముగా నిలిచియున్నది. ఒక్కొక్క కృతికిఁ బది ధ్వనిముద్రణములను, మూఁడు పరంపరల వ్రాఁతప్రతులను జేర్చి, విఱుపులను గీతలతోను, దంత్యములను ౘ, ౙ లతోను గుఱుతించి, భేదములను దిగువఁ జూపి యొక పాఠము నేర్పఱుపవలయును. ఆ పనికి వ్యాకరణము చదివిన యొకరు, వీణయో గాత్రమో యెఱిఁగిన యొకరు, ప్రక్కప్రక్కనఁ గూర్చుండి వినవలసియుండును.