బంపరుకు కొత్త ఒళ్లు
అమెరికాలో పికప్ ట్రక్కు తొట్టిని గీతల నుంచి కాపాడేందుకు కొట్టే బెడ్‌లైనర్ పూత ఇప్పుడు బంపర్లకూ, కాలు పెట్టి ఎక్కే మెట్లకూ, చక్రాల మీది ఫ్లేర్లకూ పాకింది. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుప బంపర్లనూ మెట్లనూ తినేస్తుంది. పారేయాల్సిందే అనిపించే బంపరును మళ్లీ బండికి బిగించేలా చేసే ఈ పూత పనివాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

పనితనం చాలావరకు పిచికారీకి ముందే ఉంది. జిడ్డు కడగాలి. తుప్పును గట్టి ఇనుము తేలేదాకా గీకాలి. పాత రంగు మెరుపు చచ్చేలా గరుకు కాగితం పట్టాలి. బయటపడ్డ ఇనుముకు ప్రైమర్ వేయాలి. ఈ ఓపిక లేకుండా తుప్పు మీదే కొడితే అది లోలోపల పాకి, పూత పెచ్చులుగా లేస్తుంది. ఇక పిచికారీ గన్ దూరం, గాలి ఒత్తిడి ఏమాత్రం మారినా గరుకు మారిపోతుంది. బంపరు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరు గరుకు తేవడం, అబ్బ, ఎంత నేర్పు! అంచుల వెంబడి అతికించిన టేపును కూడా పూత గట్టిపడకముందే లాగాలి, లేదంటే అంచు చిరుగుతుంది.

రెండు భాగాలు కలిపి కొట్టే చాలా రకాల పూతల్లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు చేటు. ఇంటి గ్యారేజీలో మొదలుపెట్టేవారు గుడ్డ మాస్కుతో సరిపెట్టుకోకండి. గాలి ఆడేలా చూసుకుని, తగిన రెస్పిరేటర్ తగిలించుకున్నాకే గన్ పట్టండి.