తెల్ల ఎలుగుబంటి ప్రశ్న

బుద్ధి పుట్టుకతో వచ్చేదా, జీవితం తీర్చిదిద్దేదా అన్న వాదంలో నేను లూరియానే సాక్షిగా పిలుస్తాను. విగోట్‌స్కీ సహచరుడైన ఆయన 1931, 32లలో ఉజ్బెక్ పల్లెల్లో తిరిగాడు. మంచుండే ఉత్తరదేశంలో ఎలుగుబంట్లన్నీ తెల్లనివి, నోవాయా జెమ్లా ఆ ఉత్తరానే ఉంది, మరి అక్కడి ఎలుగుబంటి రంగేమిటి? చదువురాని రైతులు చాలామంది, చూడనిదాని గురించి మేమెలా చెబుతామన్నారు. కాస్త చదువూ సమష్టి సేద్యమూ ఎరిగినవాళ్లు తెలుపేనన్నారు. ఆలోచనా పద్ధతి రక్తంలో లేదు, బతుకులో ఉందని ఇంత బలంగా చూపిన పుస్తకం నేను మరొకటి చదవలేదు. (అది 1974 దాకా అచ్చుకాకపోవడం వేరే కథ.)

నా పేచీ ఒక్కటే. రైతు జవాబును లూరియా కింది మెట్టుగా లెక్కగట్టాడు. చూడనిదానికి సాక్ష్యం చెప్పననడం తర్కం కాదా? లైబీరియాలోని వాయి ప్రజలు తమ సొంత లిపిని బడికి పోకుండానే నేర్చుకుంటారు. వాళ్ల మీద స్క్రిబ్నర్, కోల్ 1981లో వెలువరించిన పుస్తకం చూస్తే, ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే నేర్పు అక్షరాల వల్ల వచ్చింది కాదు, బడి అలవాటు వల్ల వచ్చింది. మన కథల్లో "అమాయక" రైతును సృష్టించే రచయితలు ఇది చదవాలి.

పంతులుగా నేనూ చదవాల్సిందే. లెక్కల మాస్టారు సెలవులో ఉండగా, ఎకరానికి ఇరవై బస్తాలు పండితే అయిదెకరాలకెన్ని అని అడిగాను. ఒక కౌలురైతు కొడుకు లేచి, "నీళ్లున్న చేనా సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ముందు నవ్వింది నేనే.