రాగిరేకుల్లో రాజు మన్నన

ఒంటిమిట్ట కోదండరాముడి గుడిలో పోతన విగ్రహం ఉంది. భాగవతాన్ని రాజుకు కాక రాముడికే అంకితమిచ్చిన కవి అని ఆయన్ని తలుచుకుంటారు. అదే కడప జిల్లాలో, కమలాపురం దగ్గర కోకటం ఉంది. అది శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) అల్లసాని పెద్దనకిచ్చిన అగ్రహారం. రాయలు పోయాక పెద్దన చెప్పాడనే చాటుపద్యంలో ఆ మన్ననలన్నీ వరసగా వస్తాయి. ఎదురైతే ఏనుగును ఆపి చెయ్యి అందించి ఎక్కించుకున్నాడు, మనుచరిత్రం అందుకునే వేళ పల్లకి తానే పట్టి ఎత్తాడు, గండపెండేరం తానే కాలికి తొడిగాడు. ఏనుగు, పల్లకి ఆ పూటతో ముగిసిన ముచ్చట్లు. అగ్రహారం అలా కాదు, మునిమనవల దాకా నిలవాలి. ఆ నిలకడ కోసం ఆ కాలపు పనివాళ్లు చేసిన రాగిశాసనాలను ఎంత చూసినా నాకు తనివి తీరదు.

సాధారణంగా మూడు రేకులు, ఒక్కోసారి ఐదు. పైభాగం గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. అక్కడి రంధ్రాల్లోంచి ఒక కడియం దూర్చి, దానికి ముద్ర తగిలిస్తారు. ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు. రేకుల అంచులు కొద్దిగా పైకి లేచి ఉంటాయి కాబట్టి ఒకదానిమీద ఒకటి పేర్చినా అక్షరాలు ఒరుసుకోవు. మొదటి రేకు పైముఖం, చివరి రేకు వెనకముఖం చెక్కకుండా వదిలేస్తారు. బయటి దెబ్బలన్నీ ఆ ఖాళీ రాగే కాచుకుంటుంది.

మాటల కట్టడంలోనూ ఇదే జాగ్రత్త. దేవతాస్తుతి, రాజవంశం, శక సంవత్సరం, తిథి. ఆపైన దానం పుచ్చుకున్నవాడి తండ్రిపేరు, గోత్రం, సూత్రం, శాఖ. అదే పేరున్న ఇంకొకడు వచ్చి నాదనడానికి సందు లేదు. ఊరి నాలుగు ఎల్లల తర్వాత అష్టభోగాలు: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. నేలలో దొరికేది, నేలమీద ఉన్నది, రేపు రాబోయేది, అన్నీ ఇందులో ఇమిడాయి. నీటినీ రాతినీ విడిగా పేరుపెట్టి ఇవ్వడం ఎంత ముందుచూపో సీమలో మెట్ట చేను దున్నేవాడికి చెప్పనక్కర్లేదు.

రాయల శాసనాలకు శ్లోకాలు కట్టింది సభాపతి, చెక్కింది మల్లణ కొడుకు వీరణాచార్యుడు. రాగి మీద ఉలి జారితే ఆ చోటు సాపుచేసి మళ్లీ చెక్కాలి. అంత ఓర్పు గల చేతి పేరు రాజు పేరున్న రేకుల్లోనే, శ్లోకంలోనే చేరింది.

శాసనమంతా సంస్కృతం, నందినాగరి లిపి. చిట్టచివర మాత్రం పెద్ద అక్షరాలతో, తెలుగు–కన్నడ లిపిలో 'శ్రీ విరూపాక్ష' అని ఉంటుంది. రాజు చేవ్రాలు అదే. నందినాగరి రాని ఊరి కరణమైనా ఆ ఒక్క మాటా చదివి, ఇది ఎవరి ఆజ్ఞో పోల్చుకోగలడు.