వెనక్కి తోసిన బంతి

1967 మే 25న లిస్బన్‌లో, యూరోపియన్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్లో, గ్లాస్గో క్లబ్ సెల్టిక్ కొట్టిన మొదటి గోల్ ఎప్పుడు చూసినా నా కళ్లు టామీ జెమ్మెల్ మీద నిలవవు, అంతకు క్షణం ముందు బంతి అందుకున్న జిమ్ క్రెయిగ్ మీదే ఉంటాయి. కుడివైపు నుంచి దూసుకొచ్చిన ఆ డిఫెండర్ (రైట్ బ్యాక్) బంతిని గోల్ ముందుకు ఎత్తి వేయలేదు. అడ్డంగా, కాస్త వెనక్కి, నేల మీదే తోశాడు. బాక్స్ అంచు బయటినుంచి జెమ్మెల్ దాన్ని ఒక్క దెబ్బకి వలలోకి పంపాడు. 63వ నిమిషం, 1-1.

ఎదుట ఉన్నది ఇంటర్ మిలాన్. 1964లోనూ 65లోనూ యూరోపియన్ కప్ ఎత్తుకెళ్లిన జట్టు. ఒక గోల్ చేసి, ఆపైన తలుపులు బిడాయించుకోవడం కోచ్ హెలెనియో హెరెరా వాళ్లకు నేర్పిన విద్య. ఆ రోజూ ఏడో నిమిషంలోనే పెనాల్టీ దొరికింది (ఫౌల్ చేసినవాడు ఈ క్రెయిగే), ఇంటర్ ఆటగాడు మజోలా కొట్టాడు. ఇక జట్టంతా గోల్ ముందు గుమిగూడింది.

అలాంటి గుంపు మీదికి ఎన్ని బంతులు ఎత్తి వేసినా తలతో తిప్పికొడతారు. కానీ బంతి గోల్ లైన్ వైపు సాగుతుంటే డిఫెండర్లూ దానితో పాటే వెనక్కి జరుగుతారు, వాళ్లు వదిలిన బాక్స్ అంచు ఖాళీ అయిపోతుంది. బంతి పోవలసిన చోటు అదే. పిల్లలకు ఆట నేర్పుతూ నేను చూశాను, ఇంతకన్నా కష్టమైన పాఠం లేదు. ముందుకు పరిగెత్తే ఊపులో ఉన్న కుర్రాడికి వెనక ఎవరున్నారో తెలియాలి.

సెల్టిక్ వాళ్లకు తెలుసు. ఆడిన పదకొండు మందీ గ్లాస్గోలోని తమ మైదానానికి 30 మైళ్ల లోపు పుట్టినవాళ్లు. బొగ్గు గనిలో పనిచేసి వచ్చిన మేనేజర్ జాక్ స్టీన్ వాళ్లను రెండేళ్లుగా సానపెట్టాడు. ఒక బ్యాక్ ముందుకెళితే రెండోవాడు వెనక ఉండాలన్నది ఆయన మాట. ఆ మొదటి గోల్‌కి బ్యాక్‌లు ఇద్దరూ, క్రెయిగూ జెమ్మెలూ, ముందే ఉన్నారు. ఆట తెలిసినవాడు అవసరమైనప్పుడు గురువు మాట దాటడం కూడా నైపుణ్యమేనని నా నమ్మకం.

84వ నిమిషంలో ఎడమ నుంచి జెమ్మెల్ బంతిని వెనక్కి ఇచ్చాడు. సహచరుడు మర్డాక్ కొట్టాడు, దారిలో స్టీవీ చామర్స్ కాలు అడ్డుపెట్టి వలలోకి మళ్లించాడు. 2-1. బ్రిటన్ నుంచి ఆ కప్పు గెలిచిన తొలి క్లబ్ సెల్టిక్. ఆ గోల్‌ని అదృష్టమన్నవాళ్లున్నారు. ట్రైనింగ్‌లో మళ్లీ మళ్లీ చేసిన పనే అది అని చామర్స్ చెప్పేవాడు. నేను ఆయన మాటే నమ్ముతాను. వెనక్కి ఇచ్చిన బంతి ఎవరు కొడతారో, ఎటు కొడతారో ముందే ఎరిగినవాడు తప్ప, ఆ క్షణానికి ఆ రెండు గజాల చోట ఇంకెవరూ ఉండరు.