ఒకే పొడి, రెండు పొయ్యిలు

మహారాష్ట్ర సరిహద్దు ఊరు ఏటపల్లిలో సర్కారు కాగితం మరాఠీలో నడుస్తుంది. ఊరి మాట మాడియా, మరాఠీ, తెలుగుల మధ్య తిరుగుతుంది. దక్షిణంగా సిరొంచ దాకా దిగితే తెలుగే ముందుకొస్తుంది. ప్రాణహిత గోదావరిలో కలిసే ఆ చోట అవతలి ఒడ్డున కాళేశ్వరం కనిపిస్తుంది. ఈ సరిహద్దు మనిషికి టీ కూడా రెండు దిక్కుల నుంచి వచ్చింది. ఒకటి మహారాష్ట్ర టపరీల, అంటే రోడ్డు పక్క టీ బడ్డీల కడక్ చహా, రెండోది హైదరాబాద్ హోటళ్ల ఇరానీ చాయ్. రెండింటికీ ఆధారం ప్రధానంగా అస్సాం పొడే. కాబట్టి ఇక్కడ తూచవలసింది ఆకును కాదు, వంటను.

తూచడానికి ముందు రాయి కావాలి. బ్రహ్మపుత్ర పల్లపు నేలల్లో పెరిగే వెడల్పాకు అస్సాం తేయాకుకు, ముఖ్యంగా మే, జూన్ నెలల రెండో కోతకు, ఒక ప్రత్యేకమైన వాసన ఉంది. దాన్నే మాల్ట్ వాసన అంటారు. మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించిన రాగుల వాసన తెలిసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. ఆకును వాడబెట్టి ఆరబెట్టే దశల్లో అందులోని లూసిన్, ఐసోలూసిన్ వంటి అమైనో ఆమ్లాలు విరిగి ఆల్డిహైడ్లుగా మారడం దీనికి ఒక ముఖ్య కారణం. అవి తేలిగ్గా ఆవిరైపోతాయి. రంగు, ఒగరు, చిక్కదనం ఇచ్చే థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు మాత్రం నీళ్లలోనే నిలుస్తాయి. పొయ్యి మీద టీకి జరిగే మంచీ చెడూ చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

1930 ప్రాంతంలో అస్సాంలోని అమ్‌గురి తోటలో విలియం మెకర్చర్ తెచ్చిన సీటీసీ యంత్రం ఆకును పళ్ల రోలర్ల మధ్య నలిపి, చించి, గింజలుగా చుట్టింది. గింజ చిన్నది కాబట్టి సారం త్వరగా దిగుతుంది. అంతర్జాతీయ రుచి పరీక్ష ప్రమాణం ఐఎస్ఓ 3103 ప్రకారం 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లకు 2 గ్రాముల ఆకు వేసి, మూతపెట్టి, 6 నిమిషాలు ఉంచాలి. అది తాగడానికి ఇష్టంగా ఉండాలని పెట్టిన పద్ధతి కాదు, ఆకులో ఏముందో దాచకుండా చూపే పద్ధతి. మంచి అస్సాం పొడితో అలా కాచి చూస్తే ఎర్రరాగి రంగు, నాలుక అంచుల్ని పట్టే చురుకు, గొంతులో బరువు, మింగాక ముక్కులో మాల్ట్ తెలుస్తాయి. ఈ నాలుగింటిలో రెండు పొయ్యిలు వేటిని నిలుపుతున్నాయి, వేటిని పోగొడుతున్నాయి అన్నదే ప్రశ్న.

టపరీ పద్ధతిలో అన్నీ ఒకే గిన్నెలో ఉడుకుతాయి. నీళ్లు, చక్కెర, దంచిన అల్లం, పొడి, పాలు వేసి, పొంగు వచ్చినప్పుడల్లా గిన్నె ఎత్తి దించి, బట్టలో వడగట్టి చిన్న గ్లాసుల్లో పోస్తారు. దీని బలం తాజాదనం. గిరాకీ వచ్చినప్పుడు పెట్టిన గిన్నె కొన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుంది, కాబట్టి చురుకు చావదు. దీని బలహీనత అల్లం. ఘాటు నాలుకను ముందే ఆక్రమిస్తుంది కనుక మాల్ట్ ఉన్నా దాని వంతు రాదు. చక్కెర మోతాదు ఎక్కువైతే మిగిలిన ఒగరు కూడా తెలియదు. ఇంకొక జబ్బు, పాత పొడి మీదే కొత్త పొడి చల్లి మళ్లీ మరిగించడం. అప్పుడు రంగు వస్తుంది, చేదు వస్తుంది, వాసన మాత్రం రాదు.

ఇరానీ పద్ధతిలో పాత్రలు రెండు. ఒకదానిలో డికాషన్ మూత బిగించి సన్నని సెగపై దమ్‌లో ఉంటుంది. రెండోదానిలో పాలు మరిగి మరిగి చిక్కబడతాయి. కప్పులోనే రెండూ కలుస్తాయి. దీని బలం చిక్కదనం. పాలలోని చక్కెర, మాంసకృత్తులు సెగకు కలిసి పాలకోవా దిక్కుగా నడుస్తాయి, నాలుక మీద పట్టులా పరుచుకుంటాయి. అయితే చాలామంది ఇరానీ చాయ్‌లో మెచ్చుకునే ఆ వేగిన తీపి ఆకుది కాదు, పాలది. మూత ఆవిరిని కొంత ఆపుతుంది గానీ, గంటల తరబడి సెగ మీద ఉండి, మాటిమాటికి తెరిచే పాత్రలో తేలిక వాసనలు మిగలవు. అక్కడ మిగిలేది గంభీరమైన ఒగరు. ఉస్మానియా బిస్కెట్ ఉప్పూ తీపీ ఆ ఒగరుకే జోడీ.

పక్కపక్కన పెట్టి తాగితే లెక్క ఇలా తేలుతుంది. చురుకులో టపరీది పైచేయి, చిక్కదనంలో ఇరానీది. మాల్ట్ దగ్గర మాత్రం రెండూ ఓడతాయి. కాకపోతే కారణాలు వేరు. టపరీ దాన్ని కప్పేస్తుంది, ఇరానీ దాన్ని పోగొట్టుకుంటుంది. కప్పేసినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు, అల్లం తగ్గిస్తే చాలు. ఆవిరైనదాన్ని తేలేం. విమర్శకు ఈ తేడా చిన్నది కాదు.

ఇక్కడ పాల మీద ఒక అపవాదు తీయాలి. నిజమైన టీ అంటే పాలు లేనిదేననే వాళ్లు కొండ మీది డార్జిలింగ్ సూత్రాన్ని పల్లపు అస్సాంకు అంటిస్తున్నారు. పాలలోని కేసీన్ టీలోని ఒగరు పదార్థాలను పట్టుకుని గరుకు తగ్గిస్తుంది. గట్టి అస్సాంకు అది మేలే, ఎందుకంటే దాని దగ్గర ఖర్చు పెట్టడానికి ఒగరు దండిగా ఉంది. మాల్ట్‌కు శత్రువు పాలు కాదు, పొయ్యి మీద గడిచే సమయం.

నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనే నమ్మకం కూడా నిలవదు. ఏటపల్లి తాలూకా సూర్జాగఢ్ గుట్ట ఇనుప ఖనిజానికి పేరు. ఎక్కడైనా సరే, ఇనుము కలిసిన నీళ్లలో టీ కాస్తే ఒగరు పదార్థాలతో కలిసి రంగు నల్లబడుతుంది, మెరుపు చస్తుంది. సున్నం ఎక్కువున్న నీళ్లలో పైన తెట్టు కడుతుంది. పొడి మార్చి విసిగిపోయినవాళ్లు ముందు నీళ్లు మార్చి చూడాలి.

రెండు పద్ధతులూ గాలిలో పుట్టలేదు. ఇరానీ చాయ్ కూర్చునే టీ. ముంబై, పుణేల మీదుగా హైదరాబాద్ చేరిన ఇరానీలు హోటళ్లు తెరిచి, బల్లలు వేసి, కబుర్లకు చోటిచ్చారు. సిద్ధంగా ఉన్న డికాషన్, సిద్ధంగా ఉన్న పాలు ఆ రద్దీకి అవసరం. టపరీది నిలబడి తాగే టీ. ఖనిజం లారీ డ్రైవరుకు, తునికాకు కల్లం నుంచి వచ్చిన కూలీకి, బస్సు ఎక్కబోయే మాస్టారుకు రెండు గుక్కల్లో ఒళ్లు లేవాలి. అల్లం అందుకే, చక్కెర అందుకే. ఈ అవసరాన్ని రుచి తెలియనితనం అనడం అన్యాయం. అయితే అవసరం వేరు, రుచి తీర్పు వేరు. ఇంట్లో తీరిగ్గా కాచుకునేవాడికి లారీ తొందరా లేదు, హోటల్ రద్దీ కూడా లేదు. అయినా ఆ రెండింటి అలవాట్లనే అనుకరిస్తున్నాడు.

అతనికి నా సలహా ఇది. ఇరానీ దగ్గర రెండు పాత్రలు తీసుకోవాలి, టపరీ దగ్గర గడియారం తీసుకోవాలి. 150 మిల్లీలీటర్ల నీళ్లు తెర్లాక 4 గ్రాముల సీటీసీ పొడి వేసి, ఒక్క నిమిషం మరిగించి, పొయ్యి ఆపి, మూడు నిమిషాలు మూత పెట్టాలి. పాలు 50 మిల్లీలీటర్లు వేరుగా వేడిచేసి, పొంగకముందే దించి, వడగట్టిన డికాషన్‌లో కలపాలి. చక్కెర గ్లాసులో, నాలుకకు తగినంత. అల్లం జలుబు చేసిన రోజుకు ఉంచుకోవచ్చు. మొదటి గుక్కకు ఇది టపరీ చహా అంత గట్టిగా అనిపించదు, ఇరానీ అంత చిక్కగానూ ఉండదు. కానీ మింగాక ముక్కులో మొలక రాగుల వాసన లేచిందంటే, గట్టి అస్సాం పొడికి పెట్టిన డబ్బులు అప్పుడే దక్కినట్టు.